ఏడో నంబరు స్లైడు

“ఈ తాళం పగలగొట్టినవాడి దగ్గర దీని చెవి కూడా ఉందండి,” అంది కరుణశ్రీ.

బాపట్ల టౌన్ ఎస్.ఐ. వినోద్ కుమార్ వాచీ చూసుకున్నాడు. గురువారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. రిసెర్చి స్కాలర్ బ్రహ్మాజీని అతను అరెస్టు చేసింది బుధవారం సాయంత్రం నాలుగున్నరకి. ఇరవైనాలుగు గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. కాగితాలన్నీ సిద్ధంగా ఉన్నాయి. క్లూస్ టీం ఎస్.ఐ. కరుణశ్రీ రిపోర్టు ఒక్కటే రావాలి.

“పగలగొట్టేవాడికి చెవితో పనేంటి మేడమ్?”

ఆమె తాళాన్ని కిటికీ వెలుతురులోకి తిప్పింది. కొక్కెం బాగా వంగిపోయింది. కానీ తాళం బుర్రలోకి దిగి పట్టుకునే గాడి దగ్గర ఒక్క గీత లేదు. వేసి ఉన్న తాళాన్ని కొడితే ముందు చెడేది ఆ గాడే. ఎవరో దీన్ని చెవితో తీశారు. తీశాక నేల మీద పెట్టి రాయితో మోదారు.

“అయితే కొండమ్మ దగ్గర చెవి కొట్టేశాడు.”

“చెవి దొరికినవాడు తాళం కొట్టడం ఎందుకండి?”

“మీలాంటివాళ్ళు ఇలా ప్రశ్నలు వేస్తారని,” అన్నాడు వినోద్ కుమార్. పక్కనున్న కానిస్టేబుల్ మొహం అటు తిప్పుకుని నవ్వాడు.

అది బాపట్లలో ఒక ట్రస్టు నడిపే పరిశోధన కేంద్రం. మేడ మీద ఒకే ఒక గది, రెండు మైక్రోస్కోపులు, ఒక ఇనుప బీరువా. సోమవారం సాయంత్రం ఆరింటికి అటెండరు కొండమ్మ బీరువాకి తాళం వేసింది. మంగళవారం ఉదయం తొమ్మిదింటికి వచ్చేసరికి తాళం నేల మీద ఉంది, పది గాజు స్లైడులున్న చెక్కపెట్టె లేదు. డైరెక్టరు హనుమంతరావు గారు తెనాలి నుంచి ఫోనులోనే ఫిర్యాదు చెప్పి, బ్రహ్మాజీ మీద అనుమానం ఉందన్నారు. బుధవారం మధ్యాహ్నం రేపల్లె అవతలి పల్లెలో, బ్రహ్మాజీ తండ్రి సింగయ్య ఇంట్లో వలల కింద ఆ పెట్టె దొరికింది. పది స్లైడులూ పదిలంగానే ఉన్నాయి.

వినోద్ కుమార్ దృష్టిలో కేసు అక్కడితో అయిపోయింది. తను కనిపెట్టినదాన్ని డైరెక్టరు తన పేరుతో అచ్చు వేయించుకుంటున్నాడని బ్రహ్మాజీ పది మందిలో అన్నాడు. కోపం ఉంది, సరుకు దొరికింది. ఇంకేం కావాలి?

కరుణశ్రీ కొండమ్మని పిలిచి కూర్చోబెట్టింది. బీరువాకి చెవులు రెండే. ఒకటి కొండమ్మ కొంగుకి ముడేసి ఉంటుంది, స్నానానికి వెళ్ళినా మెడలో వేసుకుంటుంది. రెండోది డైరెక్టరు గారి దగ్గర. సోమవారం బ్రహ్మాజీ నాలుగింటికే రేపల్లె బస్సుకి వెళ్ళిపోయాడు. ఆరింటికి తను తాళం వేసి దిగేసరికి మేడ మీద ఇంకా ఉన్నది ఎవరని అడిగితే కొండమ్మ తడుముకోలేదు.

“పెద్దసారే ఉన్నారండి. నువ్వు పో కొండమ్మా, గది తాళం నేను వేసుకుంటాలే అన్నారు.”

“ఈ మాట ఎస్.ఐ. గారికి చెప్పలేదేం?”

“ఆయన బ్రహ్మాజీ బాబు సంగతే అడిగారండి. సారు సంగతి అడగలేదు కదా.”

వినోద్ కుమార్ చిరాకు పడ్డాడు. సొంత బీరువాలో సొంత పెట్టెని ఎవరన్నా దొంగిలిస్తారా అన్నాడు. తర్వాత గొంతు కాస్త తగ్గించి, ఆయన మీకు చదువు చెప్పిన గురువు గారట కదా, నేనైతే ఆయన మీద మాట పడనిచ్చేవాణ్ణి కాదు అన్నాడు.

ఆ మాట కరుణశ్రీకి సూటిగా తగిలింది. ఆమె ఇక్కడికి వచ్చింది కూడా సారు మీద మాట పడకూడదనే. వాళ్ళింట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి ఆమె. తల్లి కమలమ్మ అంగలకుదురు చేలల్లో కలుపు తీసేది. డిగ్రీ అయ్యాక చదువు మానేస్తానంటే ఎమ్మెస్సీ దరఖాస్తు పట్టుకుని ఇంటికి వచ్చి, నులకమంచం మీద కూర్చుని, తండ్రిని ఒప్పించింది హనుమంతరావు సారే. పన్నెండేళ్ళుగా ఒక్క క్రిస్మస్ కూడా తప్పకుండా ఆమె తెనాలిలో ఆయన ఇంటికి కేకు పట్టుకెళ్తోంది.

పంచనామా కోసం తెచ్చిన చెక్కపెట్టెను తెరిపించింది. స్లైడుల అంచులన్నీ రంగులేని గోళ్ళపాలిషుతో అంటించి ఉన్నాయి. పైనున్న పల్చటి గాజు కదలకుండా, లోపలికి గాలి చొరకుండా అలా అంటిస్తారు. చదువుకునే రోజుల్లో ఆమెకి రంగులేనిది దొరక్క చెల్లెలు మనీషా సీసా ఎత్తుకొచ్చింది. గులాబీరంగు. క్లాసంతా నవ్వింది. సారు మాత్రం, రంగు కాదమ్మా, గాలి దూరకుండా ఉందా లేదా అన్నదే లెక్క అన్నారు. ఆ మాటకి ఆ రోజంతా ఆమెకి ఆకలి వేయలేదు.

ఏడో నంబరు స్లైడు తీసి మైక్రోస్కోపు స్టేజి మీద పెట్టింది.

“ఇందులో ఏముంది మేడమ్ అంత?” అన్నాడు వినోద్ కుమార్. “ఇసక రేణువంత కూడా లేదన్నారు.”

ఆమె ఓపిగ్గా చెప్పింది. డైనోఫ్లాజెల్లేట్ అని సముద్రంలో తేలే ఒంటికణం జీవి ఒకటి ఉంది. రోజులు బాగోలేనప్పుడు వాటిలో కొన్ని తమ చుట్టూ తామే గట్టి డొల్ల కట్టుకుని అడుక్కి దిగిపోతాయి. రోజులు మారాక ఆ డొల్లలో ఒక పెంకు ఊడదీసుకుని బయటికి పోతాయి. ఆ ఖాళీ డొల్లే సిస్టు. యాసిడ్‌లో వేసినా కరగదు, కోట్ల ఏళ్ళు మట్టిలో ఉండిపోతుంది. రేపల్లె దగ్గర లోతుగా వేసిన ఒక బోరు మట్టిలో ఇవి దొరికాయి. డొల్ల ఆకారం, ముళ్ళు చీలిన తీరు, అన్నిటికన్నా ముఖ్యంగా ఏ పెంకు ఊడి తలుపులాంటి సందు పడిందన్నది చూసి అది ఏ రకమో తేలుస్తారు. కొత్త రకమని పేరు పెట్టాలంటే ఒక్క డొల్లని చూపించి, ఇదిగో ఇదీ అనాలి. దాన్ని హోలోటైపు అంటారు. ఈ ఏడో స్లైడులో ఉన్నది అదే.

“అంటే ఎవరు ముందు చూస్తే వాళ్ళ పేరు.”

“ముందు చూసి, వివరంగా రాసినవాళ్ళ పేరండి.”

డైరెక్టరు రిజిస్టరులో ఆ రాత ఉంది. రెండేళ్ళ కిందటి తేదీ, జూన్ పద్నాలుగు. స్లైడు 7, స్టేజి అంకెలు 21.4, 96.8. స్లైడు మీది లేబుల్ పైనా అవే అంకెలు, హనుమంతరావు గారి దస్తూరీ. స్టేజికి అడ్డంగా ఒక స్కేలు, నిలువుగా ఒక స్కేలు ఉంటాయి. ఆ రెండు అంకెల దగ్గర పెడితే సిస్టు సరిగ్గా లెన్సు కిందికి రావాలి.

కరుణశ్రీ ఆ అంకెలు పెట్టింది. లెన్సు కింద ఖాళీ గాజు తప్ప ఏమీ లేదు.

పక్కనున్న రెండో మైక్రోస్కోపు మీద పెట్టింది. అక్కడా ఏమీ లేదు.

అప్పుడు బ్రహ్మాజీ నోటుపుస్తకం అడిగి తీసుకుంది. ఈ ఏడు జనవరి తొమ్మిదిన రాసుకున్న పేజీ. పైన మైక్రోస్కోపు నంబరు ఒకటి, దాని కింద 44.1, 103.2. మొదటి మైక్రోస్కోపు మీద ఆ అంకెలు పెట్టగానే నట్టనడుమ గుండ్రంగా, చీలిన ముళ్ళతో, ఒక పక్క తలుపు ఊడిన డొల్ల ప్రత్యక్షమైంది.

“పెద్దాయన కదా, అంకె తప్పు రాసి ఉంటాడు,” అన్నాడు వినోద్ కుమార్.

“రిజిస్టరులోనూ లేబుల్ మీదా ఒకే తప్పు రాశారా అండి?”

అతను లేబుల్‌ని రిజిస్టరు పక్కన పెట్టి చూసుకున్నాడు. ఆమె మిగతాది పైకి అనలేదు. సారు మొదటి రోజు చెప్పిన పాఠాలు రెండు. ఒకటి, చూడకుండా పెద్ద నాబు తిప్పకూడదు, స్టేజి లేచి లెన్సుకి తగిలి స్లైడు నుజ్జవుతుంది. రెండు, ఏ మైక్రోస్కోపు అంకెలు ఆ మైక్రోస్కోపువే, కనుక ముందు దాని నంబరు రాయాలి. బ్రహ్మాజీ రాశాడు. సారు రాయలేదు. ఇంట్లో ఒకటే మైక్రోస్కోపు ఉన్నవాడికి నంబరు రాయాలని తోచదు.

ఈ అంకెలు ఏ మైక్రోస్కోపువో ఆమెకి తెలుసు. దాని అట్టపెట్టె టేపు పోయిన క్రిస్మస్ రోజున తన చేత్తోనే కత్తిరించింది. కాలేజీలో రిటైరయ్యాక కొనుక్కున్నానమ్మా, నువ్వే తెరువు, అన్నారాయన.

పోయిన డిసెంబరులో వచ్చిన మైక్రోస్కోపు అంకెలు, రెండేళ్ళ కిందటి తేదీ కింద ఉన్నాయి.

పన్నెండున్నరకి స్టేషనులో బ్రహ్మాజీని కలిసింది. ఇరవైఆరేళ్ళ కుర్రాడు, చొక్కా గుండీ ఒకటి తెగింది. రిమాండు పడితే రిజిస్ట్రేషను రద్దు చేస్తామని యూనివర్సిటీ పొద్దునే మెయిలు పెట్టిందట. దాని గురించి కూడా అతను ఎక్కువ మాట్లాడలేదు. జనవరిలో సిస్టు చూడగానే సారుకి చూపించానన్నాడు. ఆయన చూసి, మామూలు రకమే, వెనక ఉన్నది పగులు, తలుపు కాదు, దీని మీద టైం పాడు చేసుకోకు అన్నారట. ఆగస్టులో అదే డొల్లకి కొత్త రకమని పేరు పెట్టి పత్రిక్కి పంపారు. సారు తీసుకెళ్ళి ఉంటారా అని కరుణశ్రీ మెల్లగా అడిగింది.

“సారు అలా చేయరండి. నేను ముందు చూపించానన్న సంగతి మర్చిపోయుంటారు.”

ఆ మాట అన్నది అతనో తనో ఒక క్షణం ఆమెకి తెలియలేదు.

బయట మెట్ల మీద అతని తల్లి రత్తాలు టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కొడుక్కి పెట్టనిచ్చారు, వాడు తినలేదు. కరుణశ్రీ పక్కనే కూర్చుంది. మంగళవారం ఇంటికి కొత్తవాళ్ళెవరన్నా వచ్చారా అని అడిగితే, కొత్తవాళ్ళెవరూ రాలేదమ్మా అంది రత్తాలు. కాసేపాగి, బ్రహ్మాజీ వాళ్ళ సారు మాత్రం వచ్చారంది.

“మజ్జానం ప్యాసింజరుకి దిగారంట తల్లీ. అంత పెద్ద మడిసి మా ఇంటికొచ్చాడని చాప ఏశాను. బాబు లేడండి, వాళ్ళ నాన్నతో బోటు కాడికెళ్ళాడు అన్నాను. పర్లేదమ్మా, కూసుంటాలే అన్నారు. సోడా తెద్దామని కొట్టుకెళ్ళాను. వచ్చేతలికి లేచి నిలబడి ఉన్నారు. సోడా సగమే తాగారు.”

“చాప ఎక్కడ వేశావమ్మా?”

“వలలు పెట్టుకునే మూల నీడగా ఉంటదని అక్కడే ఏశాను.” ఆమె కరుణశ్రీ చేయి పట్టుకుంది. “ఆ సారుకి కబురు పంపండమ్మా. ఆయనొస్తే మా వోణ్ణి వదిలేస్తారు.”

మంగళవారం మోకాలి నొప్పితో మంచం దిగలేదని హనుమంతరావు గారు వినోద్ కుమార్‌కి ఇచ్చిన వాంగ్మూలంలో ఉంది.

ఏడో స్లైడు తెనాలి తీసుకెళ్ళాలంటే వినోద్ కుమార్ మొదట కుదరదన్నాడు. ఒక ముసలాయన సోడా తాగిన కబురు పట్టుకుని సాక్ష్యాన్ని ఊళ్ళు తిప్పుతారా అన్నాడు. ఆమె గొంతు పెంచలేదు. రసీదు రాసి సంతకం చేసింది. మధ్యాహ్నం ఒంటిగంటకి స్లైడు తీసుకుంటున్నాను, మూడుంబావు లోపు ఫలితం చెప్తాను.

“మూడుంబావు దాటితే నేను జీపు ఎక్కిస్తాను. తర్వాత నన్నని లాభం లేదు.”

“అననండి.”

రెండు గంటల నలభై నిమిషాలకి హనుమంతరావు గారు తలుపు తీశారు. బనీను మీద తువ్వాలు, మొహంలో ఎప్పటి చిరునవ్వే. కరుణా, భోంచేశావా అమ్మా అన్నారు. హాల్లో ఆయన కుర్చీ వెనక గోడకి ఫ్రేము కట్టిన కాగితం ఎప్పట్లాగే ఉంది. పదేళ్ళ కిందట విదేశీ పత్రికలో అచ్చయిన మొదటి పేజీ. ఆయన పేరు పెట్టిన సిస్టు, ఆరు మూలల తలుపుతో, అరచేతంత ఫొటో. ఆ ఫ్రేము చూసినప్పుడల్లా కరుణశ్రీకి తన వాళ్ళకి దక్కిన గౌరవంలాగే అనిపించేది.

కోర్టు కోసం లేబుల్ సరిచూడాలి సార్, మీ మైక్రోస్కోపు ఒకసారి వాడుకుంటాను అంది. ఆయన ఒక్క క్షణం ఆగి, బల్బు సరిగా వెలగడం లేదమ్మా అన్నారు. ఆమె కవరు తీసి స్విచ్చి వేసింది. వెలిగింది.

21.4. 96.8. ఏడో స్లైడులోని డొల్ల సరిగ్గా నట్టనడుమకి వచ్చి నిలబడింది.

ఫోనుతో ఫొటోలు తీసుకుంది. స్లైడును ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, డబ్బాను చొక్కా ఎడమ జేబులో వేసుకుని బొత్తాం పెట్టింది. అప్పుడు అడిగింది.

“దొంగతనం దాకా ఈ స్లైడు బాపట్ల బీరువా దాటలేదని వాంగ్మూలంలో చెప్పారు సార్. మరి ఈ స్టేజి మీద ఎప్పుడు చూశారు?”

ఆయన కంగారు పడలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. సోమవారం రాత్రి తెచ్చానన్నారు, మార్కులు చెప్పినంత మామూలుగా. బ్రహ్మాజీ థీసిస్‌లో వాడి అంకెలతో ఆ డొల్ల వస్తే తన పేపరు వెనక్కి పోతుంది. నలభై ఏళ్ళ పేరు. ఆ కుర్రాడికి ఇంకా వయసుంది, మరోటి దొరుకుతుంది. తను పెట్టింది వలల కిందే కదా, ఏట్లో పారేయలేదు కదా అన్నారు.

“వాళ్ళమ్మ మీకు చాప వేసింది సార్.”

ఆయన భుజం మీది తువ్వాలు సర్దుకున్నారు.

బ్రహ్మాజీ రాసిన పాత లేబుల్ ఇక్కడే పీకి ఉండాలి. కరుణశ్రీ పక్కనున్న చెక్క అరలు ఒక్కొక్కటే లాగింది. మూడో అరలో, మడతపెట్టిన కాగితంలో దొరికింది. బ్రహ్మాజీ చేతిరాత, 44.1, 103.2. దాన్ని కవరులో వేసుకుంటూ నాలుగో అర మీద చేయి వేసింది.

“అది వద్దమ్మా,” అన్నారు హనుమంతరావు గారు.

ఇంతసేపూ మారని గొంతు అప్పుడు మారింది.

ఆ అరలో ఒకే స్లైడు ఉంది. లేబుల్ మీద ఆయన దస్తూరీ, హాల్లో ఫ్రేములో ఉన్న పేరు. అంచుల చుట్టూ గోళ్ళపాలిషు, వెలిసిన గులాబీరంగు.

కరుణశ్రీ దాన్ని స్టేజి మీద పెట్టింది. డొల్ల పై ముఖం కనిపించింది. గుండ్రటి ఒళ్ళు, చీలిన ముళ్ళు, ఎడమ పక్క రెండో ముల్లు సగానికి విరిగి ఉంది. పన్నెండేళ్ళ కిందట మూడు రాత్రులు కూర్చుని తను గీసిన బొమ్మ అది. చిన్న నాబు మెల్లగా తిప్పింది. గాజులాంటి ఆ డొల్లలోంచి చూపు కిందికి దిగింది. పై ముఖం మసకబారింది, అడుగు ముఖం తేలి వచ్చింది. ఆరు మూలల తలుపు. ఎడమ పక్క అదే చోట అదే విరిగిన ముల్లు. గోడ మీది ఫొటో.

తను గీసింది ఒక ముఖం, ఆయన అచ్చు వేయించింది రెండో ముఖం. అందుకే ఇన్ని క్రిస్మస్‌లు ఆ ఫ్రేము కింద కూర్చుని కేకు కోసినా తను గుర్తుపట్టలేదు. వెనకేదో తలుపులా ఉంది సార్ అని ఆ రోజు తను అడిగింది కూడా. పగులమ్మా, తలుపు కాదు, అన్నారు. పరిశోధన నీలాంటివాళ్ళకి కూడు పెట్టదు, ఎస్.ఐ. నోటిఫికేషను పడింది, రాయి అన్నారు. ఆమె రాసింది. సెలెక్టయిన రోజున ఆయన కాళ్ళకి దండం పెట్టింది.

“అడిగితే చెప్పేవాణ్ణి,” అన్నారాయన వెనక నుంచి. “నువ్వు మళ్ళీ అడగలేదు. పైగా నీ డిసర్టేషనులో నువ్వే రాశావు, మామూలు రకం, వెనక పగులు అని. నీ చేతిరాతే. ఇప్పుడు కాదంటే ఎవరు నమ్ముతారు కరుణా?”

ఆమె ఫోను తీసుకుని కిటికీ దగ్గరికి నడిచింది. మూడు గంటల తొమ్మిది నిమిషాలు. వినోద్ కుమార్ మొదటి రింగుకే ఎత్తాడు. జీపు స్టార్టు చేసిన చప్పుడు వినిపిస్తోంది. బ్రహ్మాజీని ఎక్కించొద్దండి అని, అంకెల సంగతి, లేబుల్ సంగతి, సోడా సంగతి వరసగా చెప్పింది. అతను మధ్యలో ఒక్కసారి కూడా అడ్డం రాలేదు. జీపు ఆగిన చప్పుడు వినిపించింది.

“సరే మేడమ్. రిపోర్టు రాసి పంపండి.”

“నేను రాయకూడదండి. ఆ మైక్రోస్కోపు పెట్టె తెరిచింది నేను. ఇంకో స్లైడు దొరికింది, అది నాది. నేను సాక్షిని.”

అవతల జీపు తలుపు మూసిన చప్పుడయింది.

“అలాగైతే కేసు మొత్తం నా చేతికే వస్తుంది. మీరు వేలు పెట్టలేరు. తెలుసు కదా?”

“తెలుసండి.”

వెనక చిన్న చప్పుడయింది. ఎండిన అప్పడం విరిగినట్టు.

కరుణశ్రీ వెనక్కి తిరిగింది. హనుమంతరావు గారు మైక్రోస్కోపు పక్కన నిలబడి ఉన్నారు. కుడిచేయి పెద్ద నాబు మీద ఉంది. కళ్ళు లెన్సు వైపు లేవు, ఆమె వైపే ఉన్నాయి. స్టేజి పూర్తిగా పైకి లేచి లెన్సుకి ఆనుకుంది. మధ్యలో గాజు నుజ్జయింది. గులాబీరంగు ముక్కలు రెండు బల్ల మీద పడ్డాయి.

“చెయ్యి జారిందమ్మా,” అన్నారు.

ఆమె ఎడమ జేబు తడుముకుంది. బొత్తాం పెట్టే ఉంది. ఏడో నంబరు స్లైడు లోపలే ఉంది.

“మేడమ్, లైనులో ఉన్నారా?” అంటున్నాడు వినోద్ కుమార్.

“ఉన్నానండి. రాసుకోండి. టైము మూడు గంటల పదకొండు నిమిషాలు. తెనాలి, ముద్దాయి ఇల్లు. సాక్షి ఉన్న గదిలోనే ఒక సాక్ష్యం పగలగొట్టారు. ఇంకొకటి సాక్షి జేబులో భద్రంగా ఉంది. మీరు వెంటనే బయల్దేరండి, నేను ఈ గది దాటను.” ఆమె తలుపు దగ్గరికి వెళ్ళి గడియ పెట్టి, దానికి వీపు ఆనించి నిలబడింది. “మొదటి బాధితుడు బ్రహ్మాజీ. రెండో పేరు కరుణశ్రీ అని రాయండి. తల్లి పేరు కమలమ్మ. ఊరు అంగలకుదురు.”